కిరాయితోనే కిస్తీ తీరిపోతుందా?

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. కొద్ది నెలల్లో 61 ఏళ్లు నిండి రిటైర్ అవుతున్నా. చేతికి 45 లక్షల దాకా వస్తాయి. మెడికల్ కాలేజీ వైపు మూడు పోర్షన్ల ఇల్లు 60 లక్షలకు ఉంది. తక్కువ పడే 15 లక్షలకు పదేళ్ల లోన్ తీసుకుంటే, 9 శాతం వడ్డీకి ఈఎంఐ 19 వేలు. మూడు పోర్షన్లకు కలిపి కిరాయి కూడా 19 వేలేనని బ్రోకర్ అంటున్నాడు. ఏ టెన్షన్ లేకుండా ఇల్లు దాని అప్పు అదే తీర్చుకుంటుందని నా ఆలోచన. కొనమంటారా?

జవాబు: ఈ లెక్కలో కొనవద్దనే చెప్తాను సార్. ఇల్లు చెడ్డదని కాదు. రెండు చోట్లా 19 వేలు కనిపించేసరికి లెక్క సరిపోయినట్టు అనిపిస్తోంది, అంతే.

ముందుగా 60 లక్షలతో పని అయిపోదు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. పూర్తి విలువకు రాయిస్తే ఇంకో నాలుగున్నర లక్షలు. మీ ఉత్తరంలో ఈ డబ్బు ఊసే లేదు.

ఇక కిరాయి. ఏడాదికి 2,28,000. కానీ మూడు పోర్షన్లూ పన్నెండు నెలలూ నిండి ఉండవు. మెడికల్ కాలేజీ చుట్టుపక్కల కిరాయికి వచ్చేది ఎక్కువగా విద్యార్థులు, హౌస్ సర్జన్లు, నర్సులు. చదువు అయిపోతేనో, ట్రాన్స్‌ఫర్ అయితేనో వెళ్లిపోతారు. ఒక్కో పోర్షన్ ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకోండి, 19 వేలు పోయాయి. ఇంటి పన్ను 8 వేలు, బోరు మోటరు, నల్లాలు, ట్యాంకు పనులకు 15 వేలు, మనిషి మారినప్పుడల్లా వేయించే రంగులకు సగటున 20 వేలు వేశాను. పాత ఇల్లయితే ఇంకా ఎక్కువే. మిగిలేది 1,66,000, అంటే నెలకు 13,800. పెట్టిన 64.5 లక్షల మీద రెండున్నర శాతం చిల్లర. ఈఎంఐకి తగ్గే 5,200 నెలనెలా మీ పింఛన్‌లోంచి తీయాలి. బోరు ఎండిన ఏడు సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదు.

అదే మీ డబ్బులో 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే, 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తాయి. నెలకు 20,500 అన్నమాట. దీని మీద పన్ను ఉంటుంది, ఆ మొత్తం ఇంటి ధరలాగా పెరగదు కూడా. నిజమే. కానీ పెరిగేది నేల ధర, కట్టడానిది కాదు. పైగా రేపు ఆస్పత్రి ఖర్చు వస్తే ఒక పోర్షన్ మాత్రమే అమ్ముకోలేరు కదా.

ఆదాయపు పన్ను విషయంలో మీకు పెద్దగా భయం లేదు. వచ్చిన కిరాయిలో ఇంటి పన్ను తీసేశాక 30 శాతం తగ్గింపు ఉంటుంది, లోన్ వడ్డీని కూడా తగ్గించుకోవచ్చు. మొదట్లో దాదాపు ఏమీ పడదు, వడ్డీ తగ్గేకొద్దీ పడుతుంది. కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఉంటే మాత్రం ఇంటి మీద నష్టం వచ్చినా దాన్ని పింఛన్ ఆదాయంలో తగ్గించుకోలేరు.

టెన్షన్ లేకుండా అన్నారు. రాత్రి పదింటికి నీళ్లు రావట్లేదని ఫోన్ వస్తుంది. రెండు నెలలు కిరాయి ఆపినా తాళం వేయడానికీ, కరెంటు తీసేయడానికీ లేదు. మాటతో కాకపోతే కోర్టుకే వెళ్లాలి. రెండు నెలల అడ్వాన్సు, 11 నెలల అగ్రిమెంట్, ఒక్కో పోర్షన్‌కు వేరే కరెంటు మీటరు ఉంటే సగం గొడవలు తగ్గుతాయి. బ్యాచిలర్లు వద్దు, మాంసం వండేవాళ్లు వద్దు అని షరతులు పెట్టే ఓనర్లను చాలామందిని చూశాను. మీ ఇల్లు మీ ఇష్టం, కానీ ఒక్కో షరతుకూ టూలెట్ బోర్డు ఇంకొన్నాళ్లు వేలాడుతుంది. ఏటా పది శాతం పెంపు కూడా అంతే. టైముకు కిరాయి ఇచ్చే కుటుంబాన్ని వెయ్యి కోసం పోగొట్టుకుంటే రెండు నెలల ఖాళీకే ఆ లాభం పోతుంది.

ఇల్లే కావాలని మనసు లాగితే, ఇప్పుడు మీరుంటున్నది సొంత ఇల్లేనా? అయితే ఇంజినీరుకు పిల్లర్లు చూపించి, మున్సిపల్ అనుమతి తీసుకుని, పైన ఒక పోర్షన్ వేయండి. నేల కొనే పని లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, అప్పూ అక్కర్లేదు. కిరాయికి ఉన్నవాళ్లు కళ్ల ముందే ఉంటారు.

అయినా ఆ 60 లక్షల ఇల్లే అంటే, బ్రోకర్ మాట పక్కన పెట్టి ఆ వీధిలో టూలెట్ బోర్డులున్న నంబర్లకు మీరే కిరాయికి వచ్చేవాళ్లలా ఫోన్ చేయండి. అసలు రేటు గంటలో తెలుస్తుంది. ఇప్పుడున్న కిరాయిదారులనూ ఎంత ఇస్తున్నారో, ఎన్నాళ్లుగా ఉంటున్నారో అడగండి. ఈసీ (ఇంటి మీద తాకట్టులాంటివి ఉన్నాయేమో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), ఇంటి పన్ను, నల్లా, కరెంటు బకాయిల రసీదులు చూడకుండా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.