సాంబారు పాటకు స్ట్రైక్ పడింది, మావాడి కెరీర్ ఏం కావాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. సినిమా పాటల బాణీల్లో తమాషా మాటలు కట్టి, పాడి యూట్యూబ్‌లో పెడతాడు. ఇన్‌స్టాలో మీమ్స్ పేజీ కూడా ఉంది. పోయిన నెల హాస్టల్ సాంబారు మీద కట్టిన పాటకు కాపీరైట్ స్ట్రైక్ వచ్చింది. పోలీసు కేసు అవుతుందేమోనని మా ఆవిడకు నిద్ర లేదు. వాడేమో ఇదే నా కెరీర్ అంటున్నాడు. ఇవన్నీ మానిపించి సీఏలో చేర్పించమంటారా? ఆ పాట రెండు లైన్లు, మిగతా వీడియోల లింకులు పంపుతున్నాను. – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందు ఇంట్లో టెన్షన్ సంగతి చూద్దామండీ. స్ట్రైక్ అంటే కేసు కాదు. హక్కుదారు ఫిర్యాదు చేస్తే యూట్యూబ్ ఆ వీడియోను తీసేసి ఛానల్‌కు పెట్టే మచ్చ. మొదటిసారి అయితే కాపీరైట్ స్కూల్ అని ఒక చిన్న పాఠం పూర్తి చేయమంటుంది. అది చేస్తే 90 రోజుల్లో ఆ మచ్చ పోతుంది. ఆ 90 రోజుల్లో మూడు పడ్డాయంటే మాత్రం ఛానలే పోతుంది. వీడియో డిలీట్ చేస్తే స్ట్రైక్ కూడా పోతుందని పిల్లలు అనుకుంటారు, పోదు. ఈ స్ట్రైక్ తప్పు అని ఎదురు చెప్పడానికి కౌంటర్ నోటిఫికేషన్ అని ఇంకో బటన్ ఉంటుంది. అది చట్టపరమైన పత్రం, అబ్బాయి పేరూ వివరాలూ అవతలివాళ్లకు వెళ్తాయి. కోపంలో దాన్ని నొక్కొద్దని చెప్పండి.

అసలు శిక్షే లేదని చెబితే అబద్ధమవుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపారం కోసం చేసింది కాకపోతే శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉంది. మీవాడిది సాంబారు మీద కోపమే తప్ప వ్యాపారం కాదు కదా. అమ్మగారిని నిద్రపొమ్మనండి.

ఇంకో మాట కూడా ఆవిడకు చెప్పండి. 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా గారి తరఫు నుంచి లీగల్ నోటీసు వెళ్లింది. ఆ పాటల్లో చాలావాటికి గొంతు బాలు గారిదే. అయినా ఆయన గొడవ పెంచలేదు, మిగతా కచేరీల్లో ఆ పాటలు పక్కన పెట్టి వేరేవి పాడతానన్నారు. బాలు గారంతటి వారికి వచ్చిన నోటీసు మీ అబ్బాయికి వస్తే తలవంపులేమీ కాదు.

ఆ నోటీసులో అబ్బాయి నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. మనం ఒక పాట అనుకునేది కాగితం మీద ఒకటి కాదు. సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది. స్టూడియోలో తయారైన రికార్డింగ్ మీద హక్కు వేరు, అది సాధారణంగా ఆడియో కంపెనీదో నిర్మాతదో అవుతుంది. మీవాడు ఎక్కడినుంచో దించుకున్న కరావోకే ట్రాక్ మీద, అంటే గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న సంగీతం మీద పాడుతున్నాడు. అలా ఆ ట్రాక్ చేసినవాళ్ల పనిని కూడా కలిపి వాడుకుంటున్నాడు. ‘క్రెడిట్స్ టు ఓనర్’ అని కింద రాస్తే సరిపోతుందనీ, కొన్ని సెకన్ల లోపు అయితే ఫర్వాలేదనీ కుర్రాళ్లలో ఒక నమ్మకం ఉంది. మన చట్టంలో అలాంటి సెకన్ల లెక్క లేదు. పేరు వేయడం మర్యాదే, అనుమతి మాత్రం కాదు.

ఉన్న పాటనే మళ్లీ పాడి రికార్డు చేస్తే కవర్ సాంగ్ అంటాం కదా అని వాడు అడగొచ్చు. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడిస్తే, ముందుగా నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి కవర్ రికార్డింగ్ చేసుకునే దారి చట్టంలో ఉంది. కానీ అందులో పాటను మార్చకూడదు. మాటలు మార్చిన క్షణంలో ఆ దారి మూసుకుపోతుంది.

మరి పేరడీ? మన చట్టంలో ఆ మాటే లేదు. విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చని ఉంది, పేరడీని దాని కింద వాదించుకోవాలి. అమెరికాలో 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఒక ర్యాప్ బృందం చేసిన పేరడీ కేసులో తీర్పు ఇస్తూ ఒక తేడా చూపించింది. నాకు అది చట్టం కంటే రచనా పాఠంలాగా అనిపిస్తుంది. ఆ పాటనే ఎగతాళి చేస్తుంటే ఆ పాటను అరువు తెచ్చుకోక తప్పదు. వేరే దేన్నో వెక్కిరించడానికి ఆ పాట వాడుకుంటే, ఇదే పాట ఎందుకని అడుగుతారు, జవాబు చెప్పుకోవాలి. మన జరుక్ శాస్త్రి గారు కవుల ధోరణినే పట్టుకుని ఆడించి ‘పేరడీ శాస్త్రి’ అయ్యారు. మీవాడి పాటలో వెక్కిరింత సినిమా పాటకు తగలడం లేదు, సాంబారుకు తగులుతోంది. సాంబారును తిట్టడానికి ఆ బాణీయే ఎందుకు?

మీరు రాసి పంపిన రెండు లైన్లు చూడండి:

“గరిటె ముంచితే అడుగు కనిపించే చెరువు ఇది
మునగక తేలే మునక్కాయే దీనికి దిక్కు”

మునగక తేలే మునక్కాయ! నేను ఆఫీసులో ఒక్కణ్నే కూర్చుని గట్టిగా నవ్వాను. ఈ మాటలకు ఆ హిట్ బాణీ ఇచ్చిందేమీ లేదు. లింకుల్లో ఉన్న నాలుగు వీడియోలూ విన్నాను. గొంతు మామూలే, తాళం అక్కడక్కడా జారుతోంది. మాట పడే చోటు మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. అబ్బాయిలో ఉన్నది గాయకుడు కాదండీ, రచయిత. తండ్రిగా మీకు ఇది నచ్చకపోవచ్చు, నా అంచనా అదే.

సొంత బాణీ రాదంటే మొదట పాతవాటి మీద సాధన చేయమనండి. రచయిత పోయిన 60 ఏళ్ల తర్వాత రచన అందరిదీ అవుతుంది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, ఆ కీర్తనల మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. ఫలానా గాయని చేసిన రికార్డింగ్ మీద మాత్రం ఉంటుంది. అన్నమయ్య పదాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మాటలు 500 ఏళ్ల నాటివే, ఇప్పుడు మనం పాడుకునే బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి గార్ల వంటి వారు 20వ శతాబ్దంలో కట్టినవి. సాంబారు మాటలు మాత్రం కీర్తనల మీద కట్టొద్దని చెప్పండి, అది కాపీరైట్ గొడవ కాదు, మీ ఇంట్లో పెద్దవాళ్ల గొడవ.

మీమ్స్ సంగతి. సినిమా స్టిల్స్ హక్కు నిర్మాతలదే. ఉచిత పబ్లిసిటీ కదా అని చూసీచూడనట్టు వదిలేస్తున్నారు, అంతే. డబ్బు చేతులు మారితే ఆ ఉదారత ఉండదు. పోయినేడు నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి, బిర్యానీ షాపువాళ్లకు 1500 తీసుకుని ఒక హీరో ముఖంతో మీమ్, కింద ట్రెండింగ్ పాటతో రీల్ చేసి ఇచ్చింది. పాట హక్కుదారుల నుంచి షాపుకు నోటీసు రాగానే, యజమాని వేలు ఆ అమ్మాయి వైపు తిరిగింది. ముఖం సంగతి వేరే తలనొప్పి: 2023లో ఢిల్లీ హైకోర్టు అనిల్ కపూర్ పేరు, గొంతు, రూపం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. పెయిడ్ ప్రమోషన్ ఏదైనా సొంత ఫొటో, లైసెన్స్ ఉన్న సంగీతంతోనే చేయమనండి.

అరువు ఇచ్చినవాడి బాధ కూడా నాకు తెలుసు. నేను ఎంసెట్ ర్యాంకుల మీద రాసిన జోకొకటి, రెండేళ్లకు మా బావమరిది నుంచి నాకే ఫార్వర్డ్ వచ్చింది. కింద ఎవరిదో పేరు. “బావా, ఎంత బాగా రాశాడో చూడు” అని పైన మెసేజ్.

ఇక కెరీర్. బీకాం మానొద్దు, పూర్తి చేయాలి. సీఏ ఇష్టమై చదివితే సరే, స్ట్రైక్ పడిందని శిక్షగా వేయొద్దు. ఈ ఏడాదిన్నరలో వాడి చేత ఇరవై సొంత ముక్కలు రాయించండి: పాటలు, రీల్ స్క్రిప్టులు, పొట్టి సీన్లు. యాడ్ ఏజెన్సీలు, ఓటీటీ రచయితల బృందాలు, సోషల్ మీడియా టీమ్‌లు ఫాలోవర్లు ఎంతమందని అడుగుతాయి, ఆ తర్వాత ‘ఇందులో నీది ఏది’ అని కూడా అడుగుతాయి. అరువు బాణీల వీడియోలు అక్కడ చూపిస్తే లాభం లేదు. నచ్చిన సాహిత్యాన్ని 500 రూపాయల ఫీజుతో కాపీరైట్ ఆఫీసులో నమోదు చేసుకోవచ్చు. నమోదు తప్పనిసరి కాదు, గొడవ వచ్చినప్పుడు ఆధారంగా పనికొస్తుంది.

బీకాం కుర్రాడికి పెద్దగా ఎవరూ చెప్పని దారి ఇంకొకటుంది. ఒక పాట ఎక్కడెక్కడ మోగింది, ఎవరి వాటా ఎంత అనే లెక్కలు చూసే పని. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, పాట సినిమాతో పాటు థియేటర్లో ఆడటం కాక మిగతా వాడకాల్లో వచ్చే రాయల్టీలో గేయరచయిత, సంగీత దర్శకుడి వాటాను ఒప్పందంలో రాయించుకుని లాగేసుకోవడం కుదరదు. ఆ డబ్బు వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల్లో, ఆడియో కంపెనీల్లో పాటా తెలిసి పద్దూ తెలిసినవాళ్లు కావాలి. చట్టం వైపు మనసు పోతే డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు, జనరల్ కేటగిరీకి డిగ్రీలో 45 శాతం ఉండాలి. అందుకే ఈ సెమిస్టర్ మార్కులు కూడా చూసుకోమనండి.

స్ట్రైక్ పడిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకుని, 90 రోజులూ కరావోకే ట్రాకుల జోలికి వెళ్లకుండా ఉంటే చాలు. సాంబారు పాట కాగితం మాత్రం పారేయొద్దని చెప్పండి. బాణీ ఎవరిదైనా ఆ మునక్కాయ మాత్రం వాడిదే.