బుజ్జమ్మకు, చెన్నైలో గది తీసుకునే ముందు

పెరంబూరు, చెన్నై

బుజ్జమ్మా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నీ తమ్ముడు నాన్నకు కాలేయంలో కొంత ఇస్తున్నాడనీ, నువ్వు ఆరు నెలలు సెలవు పెట్టి ఇక్కడే గది తీసుకుని నాన్నను చూసుకుంటావనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే కూర్చుండిపోయా. మా పుట్టింట ఇట్లాంటి పిల్లలున్నారని కళ్లు తడిశాయి. ఆ వెంటనే గుండె దడ. 2013లో మీ మామయ్యకు కాలేయ మార్పిడి ఆపరేషనైనప్పటి రోజులన్నీ కళ్లముందుకొచ్చాయి.

గది ఆసుపత్రికి దగ్గర్లో చూడు, గోడలకు చెమ్మ ఉండకూడదు. నీళ్లు కాచి పొయ్యి. కార్తీకం వానలకు ఇక్కడ దోమలెక్కువ, తెర కట్టు. కొత్త కాలేయం మీద ఒళ్లు తిరగబడకుండా ఇచ్చే టాక్రోలిమస్ మాత్ర పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ తప్పకూడదు. రక్తపరీక్ష రోజు మాత్రం రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వెయ్యి, డబ్బా సంచీలో పెట్టుకుని పో. పంపర పనస ఇంట్లోకి రానివ్వకు, ఆ మందు రక్తంలో పెరిగిపోతుంది. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో బిళ్లలు కొనకు, కిడ్నీలకు చేటు. మీ నాయనమ్మ తిప్పతీగ కషాయం పంపుతుంది, నాకు తెలుసు. నేను వద్దన్నానని చెప్పు. కోవిడ్ రోజుల్లో అది తాగి కాలేయం చెడినవాళ్ల గురించి మన దేశపు డాక్టర్లే రాశారు.

ఇక నేను చేసిన తప్పు విను.

నాలుగో నెల. వైరస్ రాకుండా ఇచ్చిన వాల్‌గాన్సిక్లోవిర్ మూడు నెలలు వాడాక ఆపేశారు. ఖరీదైన మాత్ర, ఒక బరువు దిగిందనుకున్నా. పది రోజులకు నెల్లూరులో గృహప్రవేశానికెళ్లొచ్చాం. వచ్చిన మర్నాడు ఆయనకు నీరసం, నూరు జ్వరం, విరేచనాలు. విందు భోజనం పడలేదనుకుని సగ్గుబియ్యం జావ కాచా. రాత్రి మాత్రలు వేసుకున్న అయిదు నిమిషాలకే వాంతి. స్టీలు గిన్నెలో ఆ మాత్ర కరక్కుండా తేలుతుంటే చూస్తూ నిలబడ్డా. కడుపుకు కాస్త విశ్రాంతి ఇద్దామని తిరిగి వెయ్యలేదు. మర్నాడు రెండు పూటలూ వెయ్యలేదు. డాక్టరుగారి నంబరు ఫ్రిజ్ తలుపుకే అంటించుంది. ఆదివారం కదా, ఇంతదానికి ఆయన్నెందుకు ఇబ్బంది పెట్టడమని మొహమాటపడ్డా.

మంగళవారం రక్తం చూస్తే, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ ఎక్కడికో పోయింది. సైటోమెగలో వైరస్ లేచింది. చాలామంది ఒంట్లో అది ఎప్పటినుంచో నిద్రపోతూనే ఉంటుందట, రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించినప్పుడు నిద్ర లేస్తుంది. కాలేయంలో చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే రిజెక్షన్ కూడా మొదలైందన్నారు, అంటే కొత్త కాలేయాన్ని ఒళ్లు పరాయిదనుకుని తిరగబడటం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. వైరస్ తగ్గాలంటే అణిచే మందులు తగ్గించాలి, రిజెక్షన్ ఆగాలంటే అవే మందులు పెంచాలి. వైరస్ ఉంటే ఒళ్లు కొత్త కాలేయం మీద తిరగబడే భయం పెరుగుతుంది. తిరుగుబాటును అణచడానికి స్టెరాయిడ్లిస్తే వైరస్‌కు సందు దొరుకుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. నరానికి వైరస్ మందు గాన్సిక్లోవిర్ ఎక్కిస్తూ, స్టెరాయిడ్లు ఆచితూచి ఇస్తూ పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. అక్కడి బల్ల మీద కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు.

అది వైరస్ తెచ్చిందో, నేను మానిపించిన మూడు పూటలు తెచ్చాయో డాక్టరుగారు తేల్చి చెప్పలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. మీ మామయ్యా అనలేదు.

అందుకే చెబుతున్నా. నువ్వు చదువుకున్నదానివి, ఫోన్‌లో వెతికి నువ్వే తేల్చేద్దామనిపిస్తుంది. వద్దు. 100.4 జ్వరమొచ్చినా, విరేచనాలైనా, మాత్ర కక్కినా, ఒక పూట తప్పినా ఆ గంటలోనే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. విరేచనాలప్పుడు టాక్రోలిమస్ రక్తంలో పెరగనూ వచ్చు, పరీక్ష చేస్తేగానీ తెలీదు. రిజెక్షన్‌కు చాలాసార్లు పైకి ఏ గుర్తూ ఉండదు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. మనిషి బాగున్నాడని పరీక్ష వాయిదా వేశావో, నీతో మాట్లాడను. వైరస్ మాత్ర ఎన్నాళ్లిస్తారో, ఆపాక ఎన్నిరోజులకోసారి వైరస్ పరీక్ష చేస్తారో డిశ్చార్జి రోజునే అడిగి రాసుకో. జ్వరాన్ని ఇక్కడ కాయ్‌చల్ అంటారు, రాత్రిపూట ఆ మాట అవసరపడుతుంది.

నా భయం మందుల గురించి కాదు, మీ నాన్న గురించి. ఏడేళ్లప్పుడు వేపచెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే, అమ్మ కంగారుపడుతుందని రెండు రోజులు చొక్కా కింద దాచుకుని ఎడమ చేత్తో అన్నం తిన్నాడు. నేనే కనిపెట్టా. వాడు ఇప్పటికీ అంతే. ఎట్లా ఉందని అడిగితే బాగుందనే అంటాడు. అడక్కు. పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టు, నోట్‌బుక్కులో రాయి.

నువ్వు వేళకు తిను తల్లీ. ఆదివారాలు నేనొచ్చి కూర్చుంటా, నువ్వు పడుకో. తమ్ముడి కుట్లు మానేదాకా వాడికి వంట నేను పంపిస్తా. ఏ రైలుకొస్తున్నారో చెప్పు, సెంట్రల్‌కు మామయ్యా నేనూ వస్తాం.

మీ అత్త