మూడు లక్షల బీకామా, ముప్పై వేల బీకామా?

ప్రశ్న: మాది తెనాలి. హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఇంటి ఖర్చులు పోను నెలకు 20 వేలు మిగులుతాయి. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీలో 934 మార్కులు తెచ్చుకుంది. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీకాం ఆనర్స్ (అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్) చేస్తానంటోంది. ఏసీసీఏ అనే లండన్ సంస్థ అకౌంటెన్సీ కోర్సు కూడా అందులోనే కలిసి ఉంటుందట. ఫీజు ఏడాదికి 3 లక్షలు, హాస్టల్ లక్షా పాతిక వేలు. మా బావమరిదేమో గుంటూరులో 30 వేల ఫీజుకే బీకాం ఉంది, పక్కన సీఏ రాయించు అంటున్నాడు. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప పేరిట 2015లో తెరిచిన సుకన్య ఖాతాలో 7 లక్షల 40 వేలున్నాయి. ఊళ్లో ఒక స్థలం ఉంది. స్థలం అమ్మమంటారా, ఫీజుకు ఎడ్యుకేషన్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్థలం సంగతి, లోన్ సంగతి వివరంగా రాశారు. అమ్మాయి ఏ పని చేయాలనుకుంటోందో మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆడిట్ చేస్తుందా, కంపెనీలో ఫైనాన్స్ విభాగంలో ఉంటుందా, బ్యాంకు పరీక్షలు రాస్తుందా, లేక రేపు మీ కొట్టునే పెద్దది చేస్తుందా? ముందు ఆ మాట తననే అడగండి. అప్పటిదాకా లెక్కల వరకు నేను చెప్పగలిగింది చెబుతాను.

స్థలం అమ్మొద్దు. లోన్ కూడా ఇప్పుడు వద్దు.

ఎందుకంటే, ఫీజు మొత్తం 9 లక్షలు లోన్ తీసుకుంటారనుకుందాం. వడ్డీ పదిన్నర శాతం వేసుకుందాం. ఏడాదికి 3 లక్షల చొప్పున బ్యాంకు కాలేజీకి కడుతుంది. కోర్సు మూడేళ్లు, ఆపైన ఒక ఏడాది మీరు ఏమీ కట్టనక్కర్లేదు. కట్టనక్కర్లేదంటే వడ్డీ పడదని కాదు. ఆ నాలుగేళ్లలో సాధారణ వడ్డీయే 2 లక్షల 83 వేలు అవుతుంది. వాయిదాలు మొదలయ్యే రోజుకు బాకీ 11 లక్షల 83 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 16 వేలు కట్టాలి. అన్నీ కలిపితే 19 లక్షలు దాటుతుంది. హాస్టల్ ఖర్చు ఇందులో లేదు.

ఇక జీతం వైపు చూద్దాం. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో బీకాం ముగించి నేరుగా హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన పిల్లలకు మొదట్లో చేతికొచ్చేది 20 నుంచి 25 వేలు. పెద్ద కంపెనీల అకౌంటింగ్ కేంద్రాల్లో బిల్లులు సరిచూడటం, ఖాతాలు పోల్చడం లాంటి పనులు. తప్పు పని కాదు, చాలామంది అక్కణ్నుంచే పైకొచ్చారు. కానీ 25 వేలలో 16 వేలు బ్యాంకుకు పోతే మిగిలిన తొమ్మిది వేలతో హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు, బస్ పాస్ కూడా గడవవు. అంటే వాయిదా కట్టేది మళ్లీ మీరే.

ఇంకో సంగతి. బ్యాంకుల మామూలు పద్ధతిలో ఏడున్నర లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోన్‌కు ఆస్తి హామీ అడుగుతారు. మీ స్థలం కాగితాలు బ్యాంకు లాకర్‌లోకి వెళ్తాయి. అమ్మకపోయినా, అవసరానికి అమ్ముకోలేని స్థలం అవుతుంది.

ఇప్పుడు ఆ ‘కలిసి ఉంటుంది’ అన్న ఏసీసీఏ. మూడేళ్ల క్రితం ఒక తండ్రి ఇలాంటి కోర్సులోనే కొడుకును చేర్చి, రెండో ఏడాది నా దగ్గరికి వచ్చాడు. కాలేజీ వాళ్లు చెప్పిన ‘కలిపి’ అంటే క్లాసులు మాత్రమే. పరీక్ష ఫీజులు, ఏటా కట్టే సభ్యత్వ రుసుము అన్నీ లండన్‌కు పౌండ్లలో విడిగా కట్టాలి. బ్రోషర్‌లో ఆ మాట ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆయనకు కోపం ఫీజు మీద కంటే ఆ చిన్న అక్షరాల మీదే ఎక్కువ.

ఏసీసీఏలో మొత్తం 13 పేపర్లు. డిగ్రీని బట్టి గరిష్ఠంగా 9 పేపర్ల దాకా మినహాయింపు దొరకొచ్చు, మామూలు బీకాంకు అంతకంటే చాలా తక్కువ. మినహాయింపు కూడా ఉచితం కాదు, ఒక్కో పేపరుకు రుసుము ఉంటుంది. తొమ్మిదీ పోయినా చివరి నాలుగు రాయాల్సిందే, కష్టమైనవి కూడా అవే. ఆ తర్వాత 36 నెలల పని అనుభవం చూపిస్తేనే సభ్యత్వం. పైగా మన దేశంలో కంపెనీ ఆడిట్ రిపోర్టు మీద సంతకం చేసే హక్కు ప్రాక్టీసులో ఉన్న సీఏకే ఉంది, ఏసీసీఏకు లేదు. విదేశాలకు వెళ్లాలన్నా, హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల్లో చేరాలన్నా ఏసీసీఏ పనికొస్తుంది, కాదనను. కానీ అమ్మాయి ఏ దారి పట్టాలో తేల్చుకోకముందే దానికి డబ్బు కట్టడం ఎందుకు? డిగ్రీ పూర్తయ్యాక కూడా ఏసీసీఏ చేయొచ్చు.

మీ బావమరిది మాటలో సగం నాకు నచ్చింది. సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్. నాలుగు పేపర్లు: అకౌంటింగ్, బిజినెస్ లాస్, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్. ఎంఈసీ పిల్లలకు మరీ కొత్తవేం కావు. ప్రతి పేపర్లో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. జనవరి, మే, సెప్టెంబరు నెలల చుట్టూ ఏడాదికి మూడుసార్లు పరీక్ష ఉంటుంది. సీఏ ఇన్‌స్టిట్యూట్‌కు కట్టేది రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు కలిపి పది పన్నెండు వేలు. కోచింగ్ ఖర్చు వేరు.

మిగతా సగం మీ బావమరిది చెప్పలేదు, నేను చెబుతాను. 2025 మే నెల ఫౌండేషన్‌లో పాసైంది 15 శాతమే. జనవరిలో 21 శాతం. 934 మార్కుల పిల్లలు కూడా మొదటిసారి తప్పుతారు. నా సంగతే చెబితే, సీఏలో రెండో మెట్టయిన ఇంటర్‌లో రెండో గ్రూపు మూడోసారికి గట్టెక్కాను, ఫైనల్ వదిలేసి ఈ వృత్తిలోకి వచ్చాను. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఫలితాల రోజు మా నాన్న పొద్దున్నే పొలం వెళ్లిపోయేవాడు. అందుకని అమ్మాయికి ముందే గడువు చెప్పి మొదలుపెట్టండి. ఫౌండేషన్ రెండుసార్లు రాయనివ్వండి. అప్పటికీ రాకపోతే ఆ టెన్షన్ అక్కడితో వదిలేసి బీకాం మీద కూర్చోమనండి. బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే ఫౌండేషన్ అక్కర్లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌కు నమోదు చేసుకోవచ్చు. ఈ దారి ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తలుపు మూసుకుపోయిందనుకుని పిల్లలు ఏడుస్తుంటారు.

2023 జులైలో వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఇది ఆఫీసు వేళల్లో చేసే పని, రెగ్యులర్ కాలేజీతో పొసగదు. కాబట్టి డిగ్రీ ముగిశాక పెట్టుకోవడమే మేలు. అన్నీ అనుకున్నట్టు జరిగితే డిగ్రీలో చేరిన నాటి నుంచి అయిదున్నర, ఆరేళ్లు పడుతుంది. ‘మూడేళ్లలో సీఏ’ అని ఎవరైనా ఫ్లెక్సీ కడితే పక్కనుంచి వెళ్లిపోండి.

మీ డబ్బు సంగతి. నెలకు 20 వేలంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. గుంటూరు కాలేజీ అయితే తెనాలి నుంచి రైల్లో రోజూ వెళ్లి రావచ్చు, హాస్టల్ ఖర్చు లేదు. ఫీజు, పుస్తకాలు, సీజన్ టికెట్, ఫౌండేషన్ కోచింగ్ అన్నీ కలిపి మొదటి ఏడాది లక్షా పాతిక వేలు వేసుకోండి. సుకన్యకు మీరు ఏటా కడుతున్న సొమ్ము 50 వేలనుకుంటే, ఇంకా 65 వేలు మిగులుతాయి. వాటిని నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పోండి. రేపు ఆర్టికల్‌షిప్‌కు హైదరాబాదో బెంగళూరో వెళ్తే గది అద్దెకు అవే పనికొస్తాయి. ఆర్టికల్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్‌తో పెద్ద ఊళ్లో బతకడం కష్టం.

ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. హార్డ్‌వేర్ కొట్టు నడిపే మీకు నేను చెప్పక్కర్లేదు: సిమెంటు, ఇనుము అరువు మీద వెళ్లిపోతాయి, వర్షాకాలంలో మేస్త్రీలు ఫోన్ ఎత్తరు. ఆ 6 లక్షలు కొట్టు ఊపిరి.

సుకన్య ఖాతాలోంచి పదో తరగతి పాసైనా, 18 ఏళ్లు నిండినా చదువు కోసం, కిందటి ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. మీ లెక్కన 3 లక్షల 70 వేలు. కాలేజీ ఫీజు కాగితం చూపించాలి, ఫీజు ఎంతో అంతవరకే ఇస్తారు. ఏడాదికి ఒకసారి చొప్పున అయిదేళ్ల దాకా వాయిదాల్లోనూ తీసుకోవచ్చు. కానీ ఇప్పుడే వద్దు. 8.2 శాతం వడ్డీ, పన్ను లేకుండా, ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు. ఆ సొమ్ము బీకాంకు కాదు, తర్వాత రాబోయే పెద్ద చదువుకు ఉంచండి. అన్నట్టు, పాపకు 18 నిండాక ఆ ఖాతా తన సంతకంతోనే నడుస్తుంది. పోస్టాఫీసుకో బ్యాంకుకో మీతోపాటు తనూ రావాలి, కేవైసీ ముందే సరిచేసుకోండి.

లోన్ అవసరమయ్యే రోజు వస్తే, అది డిగ్రీ తర్వాత మంచి సంస్థలో ఎంబీఏ ఫైనాన్స్ లాంటిదానికి రావాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే చదువు రుణాల పథకం కింద ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే హామీ, జామీను లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అమ్మాయి అడుగుతున్న యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందేమో పోర్టల్‌లో చూడండి. ఉంటే నా జవాబు కొంచెం మెత్తబడుతుంది, మారదు.

అమ్మాయికి ఒక మాట. రెండు కాలేజీల్లోనూ మొదటి ఏడాది నేర్పేది ఒకటే. నేను చదివిన తెలుగు మీడియం పుస్తకంలో చిట్టా, ఆవర్జా, అంకణా అనేవారు, నీకు జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అంటారు. బ్యాంకు పాస్‌బుక్‌నూ మన నగదు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వెతికే పాఠం ఒకటి వస్తుంది, పిల్లలు విసుక్కునేది దాన్నే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం వెతికి చదువు. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆ పాఠం విసుగ్గా ఉండదు.

ఈ వేసవిలోనే నాన్న కొట్టులో కూర్చో. టాలీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కించు. నెలనెలా వెళ్లే జీఎస్‌టీ రిటర్నులు (జీఎస్‌టీఆర్-1, 3బీ) ఎలా వేస్తున్నారో మీ అకౌంటెంట్ పక్కన కూర్చుని చూడు. ఎవరు ఎంత అరువు పెట్టారో, ఎన్ని రోజులైందో పట్టీ రాయి. రేపు ఇంటర్వ్యూలో ‘వర్కింగ్ క్యాపిటల్ అంటే ఏమిటి’ అని అడిగితే పుస్తకంలో నిర్వచనం కాకుండా మీ కొట్టులో రోజూ తిరిగే డబ్బు సంగతి చెప్పొచ్చు.

అంతా విన్నాక కూడా అమ్మాయి ఆ యూనివర్సిటీకే వెళ్తానంటే, చేరే ముందు వాళ్ల దగ్గర మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి. ఏసీసీఏలో ఈ డిగ్రీకి ఎన్ని పేపర్ల మినహాయింపు ఉంది, మినహాయింపు రుసుము, పరీక్ష ఫీజు ఎవరు కడతారు, కిందటి ఏడాది ఈ కోర్సు పిల్లల్లో మధ్యస్థంగా వచ్చిన జీతం ఎంత. అత్యధిక ప్యాకేజీ చెబితే వినకండి, అది ఒక్కరిది. మెయిల్‌లో ఆ జవాబులు వచ్చాక నాకు పంపండి, లెక్క మళ్లీ వేద్దాం.