మబ్బుల చాటు పాటలు

బిడ్డా,

మొన్న ఫోన్లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బం 'అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్'లో రెండు పాటలు విని పక్కన పెట్టేశానన్నావు. వాళ్ల పెద్ద ఆల్బం 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' విన్న చెవులకు చప్పగా ఉందన్నావు. నాకు బాధయింది. అందుకే ఈ ఉత్తరం.

పింక్ ఫ్లాయిడ్ వాళ్లు ఆ పెద్ద ఆల్బం పని మీద ఉండగానే, 1972 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పారిస్ దగ్గర ఒక పాత కోటలోని స్టూడియోకు వెళ్లి దీన్ని చేశారు, 'లా వాలే' అనే సినిమా కోసం. చేతిలో ఉన్నవి కొద్ది రోజులే, చెక్కుతూ కూర్చునే టైం లేదు. అందుకే పాటలు పొట్టిగా, సాదాగా ఉంటాయి. నలుగురు ఒక గదిలో కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుంది. నాకు నచ్చేది అదే. దాన్ని మరుసటి ఏడు వచ్చిన ఆల్బంతో తూకం వేస్తే ఎలా?

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకు. మొదటి పాట అడుగున సింథసైజర్ తంబురా శ్రుతిలా మోగుతూ ఉంటుంది, ఫోన్లో అది సరిగ్గా వినపడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వరుస మార్చకుండా నలభై నిమిషాలు కూర్చో. మూడో పాట 'బర్నింగ్ బ్రిడ్జెస్' బాణీ గుర్తు పెట్టుకో. ఆరోది 'మడ్‌మెన్'లో అదే బాణీ మాటల్లేకుండా తిరిగి వస్తుంది. అక్కడ పాడేది బ్యాండులోని గిల్మర్ గిటారే.

'ఫ్రీ ఫోర్' దగ్గర ఇంకాస్త నిదానంగా ఉండు. దరువు హుషారుగా ఉంటుంది, పాటేమో ముసలితనం గురించి, చావు గురించి. రాసింది బ్యాండులోని రోజర్ వాటర్స్. అతని తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి వాటర్స్ ఐదు నెలల పసిగుడ్డు. ఆ తండ్రి ఈ పాటలో ఉన్నాడు. అంత దుఃఖానికి ఈ ఊపేమిటని కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మన దగ్గర చావు డప్పు వెనక నడిచినవాళ్లకు ఉండదు. మా నాయన, అదే మీ తాత, పోయిన రోజు డప్పు గుర్తుందా? ఏడుస్తూనే నా కాళ్లు కదిలాయి. ఆ పాట విన్నప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

1980ల్లో హైదరాబాద్‌లో ఒక షాపులో అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు ఈ ఆల్బం ఎక్కించి ఇచ్చారు. ముప్పై నిమిషాలకు, 'ఫ్రీ ఫోర్' ముగియకముందే టేపు అయిపోయేది. నల్లగొండలో ఏళ్ల తరబడి అంతవరకే విన్నాను. చివరి పాట ఆఖర్లో న్యూ గినీ కొండజాతి జనం గొంతులు ఉన్నాయని సీడీ దొరికాకే తెలిసింది. వాద్యాలన్నీ తప్పుకుని వాళ్ల పాటే మిగులుతుంది. ఆ రాత్రి మీ పెద్దమ్మను నిద్ర లేపి మరీ వినిపించాను.

దసరాకు వస్తావు కదా, నా పాత స్పీకర్లు బాగు చేయించి పెడతాను. ఈలోగా ఒక్కసారైనా చివరిదాకా విను.

మీ పెద్దనాయన,
పానగల్లు, నల్లగొండ