కాళ్ళు ఆగని మనిషి

బుజ్జీ,

విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చెబుతూ గొంతు తగ్గించాడు, పక్కింటివాళ్ళు వింటారేమోనని. వాడి సంగతి వదిలెయ్.

ఇంజెక్షన్ చెయ్యడం నీకొచ్చు. చేశాక మనిషిని గమనించడమే అసలు పని. మతి చెదిరినవాళ్ళకిచ్చే హాలోపెరిడాల్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్ళకి, మెడ ఓ పక్కకి మెలితిరిగిపోవచ్చు, కళ్ళు పైకి నిలిచిపోవచ్చు. ఇంటివాళ్ళు గాలి సోకిందంటారు. కంగారుపడకుండా వెంటనే డాక్టర్ని పిలు. విరుగుడుగా ఫెనర్గన్ పడితే కాసేపట్లో సర్దుకుంటుంది. ఈలోగా ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని చూస్తుండు.

పోల్చుకోవడం కష్టమైనది అకథీసియా, అంటే ఈ మందుల వల్ల ఒకచోట నిలవలేకపోవడం. నేను కొత్తలో చేసిన చోట, చేపల రేవులో కూలికెళ్ళే కుర్రాడొకడు రాత్రంతా వరండాలో తిరిగేవాడు. కూర్చోమంటే కూర్చుని, నిమిషంలో లేచేవాడు. జబ్బు ముదిరిందనుకుని రిపోర్టులో అలాగే రాసింది నేనే. డోసు పెంచారు. తిరుగుడు ఇంకా ఎక్కువైంది. మూడో రాత్రి నన్ను ఆపి, "సిస్టరమ్మా, బుర్ర బాగానే ఉంది. కాళ్ళే ఆగట్లేదు, లోపల చీమలు పాకినట్టుంది" అన్నాడు. మందు తగ్గించి ప్రొప్రనొలాల్ ఇచ్చాక, కొన్నాళ్ళకి మంచం మీద కూర్చుని గ్లాసుడు టీ పూర్తిగా తాగాడు. ఆ గ్లాసు నాకింకా గుర్తే. అందుకే తిరిగే మనిషిని చూస్తే, భయమేసి తిరుగుతున్నావా, కాళ్ళు ఆగకా అని అడుగు. అతను చెప్పింది అతని మాటల్లోనే రాయి.

మన ఊరి ఉక్కకి మే నెలలో అందరికీ చెమటే. కానీ జ్వరం, ఒళ్ళు కర్రలా బిగుసుకోవడం, మాట తికమక కలిసి వస్తే తర్వాతి డోసు ఇవ్వకు, ఆ క్షణమే డాక్టర్ని పిలు. అది ప్రాణాల మీదికొచ్చే సంగతి.

ఇదే కోవలోని క్లోజపిన్ వాడేవాళ్ళకి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పదు, తెల్లకణాలు పడిపోతాయేమోనని. గొంతు నొప్పన్నా తేలిగ్గా తీసుకోకు, ఆ కణాలు తగ్గిన గుర్తు కావచ్చు. మోషన్ అయిందా అని రోజూ అడుగు. సిగ్గుపడి మానేస్తారు మనవాళ్ళు, ఆ మలబద్ధకం పేగుల్ని బిగించేసి చంపగలదు. బీడీలు కాల్చేవాడు వార్డులో మానేస్తే అదే డోసు రక్తంలో పెరిగిపోతుంది, మత్తుగా పడుంటాడు. ఇంటికెళ్ళి మళ్ళీ కాలిస్తే తగ్గిపోతుంది. ఈ సంగతి డిశ్చార్జి రోజున అమ్మానాన్నలకి చెప్పేవాళ్ళు తక్కువ, నువ్వు చెప్పు.

రిస్పెరిడోన్ వాడే ఆడపిల్లలకి నెలసరి ఆగిపోవచ్చు, పాలు రావచ్చు. మగ డాక్టరుకి చెప్పరు. పక్కకి తీసుకెళ్ళి నువ్వే అడుగు. ఒలాంజపిన్ వాడేవాళ్ళ బరువు, నడుం కొలత, షుగర్ రాసిపెట్టు.

కొలత టేపు ఇంటినుంచే పట్టుకెళ్ళు. వార్డులోది ఎప్పుడూ దొరకదు.

మీ అత్త