కాలనీ ఖాళీ స్థలంలో పూలబీడు

ప్రశ్న: మా కాలనీ సంఘానికి సుమారు 200 చదరపు గజాల స్థలం ఉంది. అందులో పచ్చిక తప్ప మరేమీ లేదు. తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ ఆసరాగా అక్కడ అడవిపూల మొక్కలు పెంచాలనుకుంటున్నాం. పశువుల ఎరువు బాగా వేసి, దుకాణంలో దొరికే పూలవిత్తనాల మిశ్రమం చల్లితే సరిపోతుందా? తేనెటీగలు కుడతాయని భయపడేవారికి ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి ఎరువు వేయకండి. సారవంతమైన నేలలో గడ్డి ఏపుగా పెరిగి, నెమ్మదిగా ఎదిగే అడవిపూల మొక్కలకు వెలుతురు అందకుండా కమ్మేస్తుంది. సారం తక్కువైన నేలలో గడ్డి జోరు తగ్గి, అనేక రకాల మొక్కలు పక్కపక్కనే బతకగలుగుతాయి. అందువల్ల ఇప్పుడున్న పచ్చికను వేళ్లతో సహా చెక్కి తీసివేయడమే అన్నిటికంటే ముఖ్యమైన పని. ఆ శ్రమ తప్పించుకోవాలని పచ్చిక మీదే విత్తనాలు చల్లితే అవి చాలావరకు వృథా అవుతాయి.

దుకాణపు మిశ్రమాల్లో పరాయి ప్రాంతాల మొక్కలు, ముద్దపూల రకాలు ఉండవచ్చు. ముద్దపూలలో కేసరాలే రేకులుగా మారిపోవడం వల్ల పుప్పొడి తగ్గుతుంది, తేనె దగ్గరకు దారీ మూసుకుపోతుంది. మీ పరిసరాల్లో సహజంగా పెరిగే ఒంటిరేక పూల విత్తనాలు సేకరించి, ఒక జాతి పూత ముగిసేసరికి మరొకటి అందుకునేలా ఎంచుకోండి. సన్నని విత్తనాలను పొడి ఇసుకతో కలిపి, వానల ఆరంభంలో పైపైన చల్లి కాలితో అదిమితే చాలు. వెలుతురు తగిలితేనే మొలకెత్తేవి వాటిలో ఎన్నో ఉంటాయి.

సీతాకోకచిలుకకు తేనె ఒక్కటే చాలదు, దాని గొంగళిపురుగుకు మేత కూడా కావాలి. జిల్లేడు ఆకులు తిని పెరిగే జాతులున్నాయి కనుక ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొట్టకండి. ముఖ్యంగా నియోనికోటినాయిడ్ తరగతి మందులు మొక్క అంతటా పాకి పుప్పొడిలోకీ తేనెలోకీ చేరతాయి; వాటిలో మూడింటిని ఆరుబయట వాడరాదని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. నర్సరీలో నారు కొనేటప్పుడు దానికి ఈ మందులు వాడారేమో తప్పక అడగండి.

భయపడేవారికి ఈ మాట చెప్పండి. ప్రపంచంలో దాదాపు 20,000 తేనెటీగ జాతులుంటే, అత్యధికం పట్టు పెట్టకుండా ఒంటరిగా బతికేవే. కాపాడుకోవలసిన పట్టు లేదు గనుక అవి మనుషుల మీదికి రావడం అరుదు. మగ ఈగలకైతే కొండే ఉండదు. ఈ ఒంటరి తేనెటీగలు ఎక్కువగా నేలలో బొరియలు చేసుకుంటాయి కాబట్టి, ఎండ తగిలే చోట కొంత మట్టిని ఖాళీగా వదలండి. అయినా కుట్టడం వల్ల అలర్జీ వచ్చేవారు ఉండవచ్చు. పిల్లలు ఆడే చోటికి దూరంగా నాటి, నడకదారి వెంట గడ్డిని పొట్టిగా కోసి ఉంచడం న్యాయం.

వయ్యారిభామ వంటి కలుపును పూతకు రాకముందే, చేతి తొడుగులు వేసుకుని పీకివేయాలి. ఏడాదికొకసారి, విత్తనాలు రాలిన తరువాత, మూడింట ఒక వంతు వదిలి మిగతాది కోయండి. కోసినదాన్ని అక్కడే వదిలితే కుళ్లి నేలకు బలం చేకూర్చి మళ్లీ గడ్డికే మేలు చేస్తుంది. బహువార్షిక మొక్కలు తొలి ఏడాది ఎక్కువగా వేళ్లూనడానికే వెచ్చిస్తాయి, పూత పలుచగా ఉంటుంది. ఈ విషయాన్ని సంఘం సమావేశంలో ముందే చెప్పి, రెండో ఏడాది పూత చూసేదాకా స్థలాన్ని మార్చబోమని ఒప్పందం చేసుకోండి.