ఆ రీడింగులు తీసెయ్యకు

అమ్మలూ,

నువ్వు క్యూబీఓ మీద, అదే భూమధ్యరేఖ పైన స్ట్రాటోస్ఫియర్‌లో గాలి ఒకసారి పడమర నుంచి, ఒకసారి తూర్పు నుంచి వీస్తూ దిక్కు మార్చుకునే తంతు మీద, పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకొకరు స్ట్రాటోస్ఫియర్‌లోకి వెళ్తున్నారని ఎంత మురిసిపోయానో, అంత బెంగ కూడా పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

సింగపూర్ వాతావరణ బెలూన్ల గాలి డేటా దించుకోగానే గ్రాఫ్ గీసి ముందు కళ్ళతో చూడు. బ్యాకప్ పెట్టుకో. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది, దానికి ప్లస్ గుర్తు. ఇవి నీకు నేను చెప్పాలా!

చెప్పాల్సింది వేరే ఉంది. నా థీసిస్ రోజుల్లో భూమధ్యరేఖ మీద గాలి దిక్కు మారి మళ్ళీ మొదటి దిక్కుకి రావడానికి, అంటే ఒక చుట్టుకి, సగటున 28 నెలలు పడుతుందని చదివి, ఆ 28ని పట్టుకుని సైన్ వేవ్ గీశాను. మొదట్లో అతికినట్టు సరిపోయింది, నేను ఏదో కనిపెట్టేసినట్టు తిరిగాను. మూడో చుట్టుకి వచ్చేసరికి నేను పడమటి గాలి అన్నచోట బెలూన్లు తూర్పు గాలి చూపించాయి. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పరికరం పాడైందనుకుని ఏడు నెలల రీడింగుల మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీతలు కొట్టేశాను! మా గైడ్ ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నీ సమీకరణం సంగతి గాలికి ఎవరు చెప్పారు?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

28 అనేది సగటు మాత్రమే, ఒక్కో చుట్టు రెండేళ్ళలోపే అయిపోతుంది, ఒక్కోటి మూడేళ్ళ దగ్గరికి సాగుతుంది. అక్కడ గడియారమేమీ లేదు కదా, కింద మేఘాల అలజడి నుంచి లేచే అలలు పైకెళ్ళి విరిగినచోట గాలిని నెడతాయి, ఆ మార్పు నెలకి సుమారు కిలోమీటరు చొప్పున కిందికి దిగుతుంది. 1978లో ప్లంబ్, మెక్‌ఈవన్ అనే శాస్త్రవేత్తలు గుండ్రటి తొట్టిలో ఉప్పునీళ్ళు పోసి అడుగు పొరని పైకీ కిందికీ ఆడిస్తే, నీళ్ళు ఒకవైపు తిరిగి, కాసేపటికి వాటంతటవే రెండోవైపు తిరిగాయి. వీలైతే ఆ ప్రయోగం వీడియో చూడు, సమీకరణాల కంటే ముందు.

ఇక 2016 ఫిబ్రవరి. పడమటి గాలి నడుస్తుండగా దాని నడుమ, గాలి పీడనం 40 హెక్టోపాస్కల్ ఉండే ఎత్తు దగ్గర, తూర్పు గాలి పుట్టుకొచ్చింది. 1953 నుంచి ఉన్న రికార్డులో అలాంటిది లేదు. 2019-20లో ఇంకోసారి. ఆ గ్రాఫ్ చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా ఎర్ర పెన్సిలే. నాలాంటి వాడి చేతిలో పడి ఉంటే అదీ కొట్టివేతే అయ్యేది.

తిడుతున్నాననుకోకు. నాకంటే నీకు ఓపిక ఎక్కువ, చిన్నప్పుడు గాలిపటం దారం చిక్కుపడితే తెంపకుండా గంటలు కూర్చునేదానివి.

డ్రాఫ్ట్ రాసేటప్పుడు నువ్వు తీసేసిన రీడింగుల లిస్టు నాకు పంపించు. ఒకటైనా సరే. అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతాను.

మీ పెదనాన్న